ఫట్‌ఫటి సప్పుడులో ఒక మాట

ఇటు జరుగు బిడ్డా. ఇంకా జరుగు. నీ మోకాలు నా మోకాలికి తగలాలి. ఈ కథ దూరంగా కూర్చుని వినేది కాదు. దూరం నుంచి ఒక్క మాట విన్నందుకే మీ తాత ఒక ఎండాకాలమంతా కడుపులో నిప్పులు పెట్టుకుని తిరిగాడు. ఆ పాటు నీకు రావద్దు. జరిగావా? ఆఁ, అట్లా కూర్చో.

మీ తాత పేరు నేను పలకను, నీకు తెలుసు. కథలో ఎవరో ఒకరు పిలుస్తారు, అప్పుడు వినుకో.

అప్పుడు మేము శ్రీరాంపూర్‌లో ఉండేవాళ్ళం. బొగ్గుబావులు కొత్తగా పడుతున్న రోజులు. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి కాకి రెక్క అయ్యేది. మాది సాలెవాళ్ళ ఇల్లే, హుజూరాబాద్‌లో మగ్గం ఉండేది. మగ్గం మీద నూలు ఉంటే కడుపులో కూడు లేదు, కూడు ఉంటే నూలు లేదు. అందుకని మీ తాతా, కొండల్ అనే ఆయన చిన్ననాటి దోస్తూ ఒకే ముల్లె కట్టుకుని బొగ్గుకు వచ్చారు. కొండల్ బావిలోకి దిగాడు. మీ తాత చేతిపని చూసి ఆయనను పైన వర్కుషాపులో ఫిట్టరుగా పెట్టుకున్నారు. కొండల్‌కు ఇంకా పెళ్ళి కాలేదు. రెండు పూటలా మా ఇంట్లోనే తినేవాడు. నన్ను చెల్లె అనేవాడు, కనుక మీ తాత ఆయనకు బావ. కొండలన్న ఎంత పొడుగంటే, మా ఇంటి దర్వాజ దగ్గర నడుం వంచి లోపలికి వచ్చి, లోపల కూడా సగం వంగే నిలబడేవాడు. మీ తాత సంగతి నువ్వు చూసిందే కదా. ఆయన అదే దర్వాజలో నెత్తిన బుట్ట పెట్టుకుని కూడా నడిచిపోయేవాడు.

బావి మీద ఒక దొర, పెద్ద సారు, బదిలీ మీద వెళ్ళిపోతూ తన ఫట్‌ఫటిని మీ తాతకు ఇచ్చేశాడు. దాన్ని ఎప్పుడూ బాగు చేసేది మీ తాతే మరి. ఇప్పుడు మోటార్ సైకిల్ అంటారు, అప్పుడు మాకు అది ఫట్‌ఫటే. అది వీధిలోకి వచ్చిన రోజు చూడాలి! వరుస ఇళ్ళ ఆడవాళ్ళందరూ చేటలు పట్టుకుని బయటికి వచ్చారు, ఒక్కరి చేటలో బియ్యం లేవు. పక్కింటి శంకరవ్వకైతే కళ్ళలో కారం కొట్టినట్టే అయింది. ఆమె పెనిమిటికి ఉన్నది సైకిలు, దానికీ గొలుసు ఊడిపోతూ ఉండేది.

"బాలవ్వా, మీ ఫట్‌ఫటి సప్పుడుకు మా బర్రె చేపుతలేదు" అంది మరునాడే. "పొద్దుగాల సగం గిన్నె పాలు ఎగబెట్టింది."

"గా బర్రె నిన్న సుత గంతే ఇచ్చింది గదనే?"

"నిన్న మీ బండి ఒస్తదని దానికి ఎర్కైంది" అంది.

చూడు, అసూయ బర్రెకు కూడా అంటుతుందట.

బండి అయితే వచ్చింది గాని అది ఆ దొర ఎత్తుకు తగ్గ బండి. మీ తాత ఎక్కి కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క బొటనవేలు కొస తగిలేది, రెండోది గాలిలో ఊగేది. నడుస్తున్నప్పుడు బాగానే ఉండేది, ఆగడమే కష్టం. ఎక్కడ ఆగాలన్నా ముందే ఒక అరుగో బండరాయో చూసుకుని దాని పక్కన ఆపేవాడు. రాయి లేని చోట ఏ పని ఉన్నా ఆగేవాడు కాదు, కూరగాయల అంగడి చుట్టూ తిరిగి తిరిగి ఏమీ తేకుండానే ఇంటికి వచ్చేవాడు. నాకు నవ్వూ వచ్చేది, పానం గుబగుబ కూడా అనేది. ఏదో ఒక రోజు లారీకి అడ్డంగా పడతాడని నా భయం.

ఇప్పుడు అసలు మాట విను.

ఒక ఆదివారం ఇంటి ముందు కొండలన్న ఫట్‌ఫటి ఎక్కాడు. ఎక్కడమేమిటి, గడప దాటినట్టు దాటాడు. రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఆనాయి. బండి ఫట్‌ఫట్‌మని మోగుతున్నది. మీ తాత వెనక చక్రం దగ్గర కూర్చుని గొలుసుకు నూనె పెడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూసి, నా మనసులో ఉన్న మాట అనేశాను:

"కొండలన్నకు అందుతున్నది. నీకు సుత అందేటట్టు ముంగటికెల్లి జర కిందికి జేస్కోరాదయ్యా."

ఇదీ నేనన్నది. నేను 'నీకు' అనేసరికే కొండలన్న చేతిలోని పిడి తిప్పాడు, బండి ఒక్కసారి గర్జించింది. మీ తాత తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. పాలు విరిగినట్టు మొహం విరిగిపోయింది. నూనె డబ్బా కింద పెట్టి, లోపలికి వెళ్ళి, కడవలో నీళ్ళు ముంచుకుని తాగాడు. దాహం వేసిందనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆ రోజు నుంచి మనిషి మారాడు. అన్నం తినేటప్పుడు కొండలన్నకూ నాకూ మధ్య పీట వేసుకుని కూర్చునేవాడు. నేను కొండలన్నకు చారు పోయబోతే గరిటె నా చేతిలో నుంచి తీసుకుని తానే పోసేవాడు, అదీ సగమే. ఒకసారి కొండలన్న నుదురు దర్వాజకు తగిలింది. మీ తాత నవ్వి, "మా ఇంటి దర్వాజ మా ఎత్తుకే పెట్టిండ్రు బామ్మర్దీ. జర సూస్కోని రావాలె" అన్నాడు. కొండలన్నకు అర్థం కాలేదు, నుదురు తుడుచుకుంటూ తానూ నవ్వాడు.

మీ తాత వర్కుషాపు బూట్లను ఆదివారం కూడా విప్పేవాడు కాదు. వాటి మడమలకు పాత టైరు ముక్కలు కొట్టుకున్నాడు. నేను అడిగితే, "రాళ్ళు కుచ్చుతున్నయ్" అన్నాడు. ఇంట్లో రాళ్ళెక్కడివి?

"కొండలన్న ఏడున్నడు, ఇయ్యాల బువ్వకు రాలే?" అంటే చాలు, "అన్న, అన్న! ఊరంత అన్నలే నీకు. అన్న అంటే పొడుగు తగ్గుతదా?" అని గయ్యిమనేవాడు. పొడుగు సంగతి ఎందుకు వచ్చిందో నాకు తెలిస్తే కదా!

శంకరవ్వ ఊరుకుంటుందా? గోడ అవతల నుంచి ఊదుతూనే ఉండేది. మీ తాత వినేలా, "కొండల్ ఎక్కితె గా ఫట్‌ఫటికి కళ ఒస్తది తియ్యి. రాజు లెక్క ఉంటడు" అనేది. ఆమె మా బండి మీద ఏడ్చేది, ఈయన కొండలన్న పొడుగు మీద ఏడ్చేవాడు. ఆ వీధిలో బొగ్గు పొగ కన్నా ఆ పొగే ఎక్కువైంది.

మళ్ళీ ఒక ఆదివారం పొద్దున్నే మీ తాత నా రోలును వాకిట్లోకి దొర్లించాడు.

"రోలెందుకయ్యా? నేను పచ్చడి నూరాలె."

"పచ్చడి లేకుంటె సావం" అని, బండి కడుపు కింద రోలు పెట్టి, ముందు చక్రాన్ని గాలిలోకి లేపాడు. నట్లు విప్పే పానాలు, సుత్తె, ఆకురాయి అన్నీ గోనెసంచి మీద పరిచాడు. నేను సంతోషపడ్డాను బిడ్డా. నేను చెప్పిన మాట చెవిన పెట్టాడు, కాళ్ళు అందేలా చేసుకుంటున్నాడని పొంగిపోయి, అడగకముందే చాయ్ కాచి ఇచ్చాను. ఆయన చాయ్ తాగుతూ నా వైపు ఎట్లా చూశాడంటే, నేను అందులో ఉప్పు వేశానేమో అన్నట్టు.

ముందు చక్రం తీశాడు. దాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండే గొట్టాల జత ఉంటుంది చూడు, వాటి లోపల నుంచి పొడుగాటి స్ప్రింగులు గుంజాడు. గొట్టాల్లోని నూనెను నా పప్పుగిన్నెలోకి వంపాడు. ఆ గిన్నె మళ్ళీ పప్పుకు పనికిరాలేదు. స్ప్రింగు కొంచెం పొట్టిగా కోస్తే బండి ముందు భాగం కిందికి దిగుతుంది, అదీ సంగతి. ఇనుము కోసే ఆక్సా బ్లేడు పెట్టి కోయబోయాడు. బ్లేడు విరిగింది. ఇంకోటి పెట్టాడు, అదీ విరిగింది. వర్కుషాపులో సానరాయి ఉంది, రేపు కోసుకోవచ్చు. కానీ కడుపులో మండుతున్నవాడికి రేపు ఉంటుందా? నా బొగ్గుపొయ్యి మీది కూర దించి, ఆ నిప్పుల్లో స్ప్రింగు పెట్టి, విసనకర్రతో విసిరి ఎర్రగా కాల్చాడు. ఉలి పెట్టి ఒక్కటి కొట్టాడు, ముక్క ఎగిరిపోయింది. రెండోదీ అట్లాగే.

కాల్చిన స్ప్రింగులో పట్టు పోతుందని ఫిట్టరుకు తెలియదా? తెలుసు. ఊరంతా బాగు చేసి ఇచ్చే మనిషి. కానీ కడుపుమంట ముందు పొయ్యిమంట ఎంత? తెలిసిందంతా ఆ పూట అందులోనే కాలిపోయింది. మగ్గం మీద పోగు తెగితే ముడి వేసుకుంటాం. తెగిన స్ప్రింగుకు ముడి ఎక్కడిది?

అంతటితో ఆగాడా? హ్యాండిలు విప్పి తలకిందులు చేసి బిగించాడు. పైకి ఉండే పిడులు కింద, మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి. ముందు చక్రం మీది రేకును సగానికి కోసి, అంచును ఆకురాయితో నున్నగా రుద్దాడు. సీటులోని పీచు సగం తీసేశాడు. మగ్గం నాటి ఎర్ర నూలు ఒక కట్ట నా పెట్టెలో ఉంటే దానితో రెండు కుచ్చులు అల్లి పిడులకు కట్టాడు. పెళ్ళిబట్టల నేతకు కూడా ఆయన అంత ఓపికగా కూర్చోగా నేను చూడలేదు.

"ఎట్లున్నది?" అని అడిగాడు చివరికి. పిల్లవాడు అడిగినట్టు.

బండి ఎట్లా ఉందంటే, కుమ్మడానికి తల వంచిన కోడెలా ఉంది. లైటు రోడ్డును చూడకుండా నేలలో చీమలను వెతుకుతున్నది. ఎక్కి కూర్చున్నాడు, ముందు భాగం కుయ్యిమని ఇంకా కిందికి కుంగింది. అనుకున్నదానికన్నా ఎక్కువే దిగింది. కానీ కాళ్ళు! రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. నన్ను వెనక ఎక్కించుకుని వీధి చివరిదాకా తీసుకుపోయాడు. బండి ముందుకు వాలి ఉంది కదా, నేను జారి జారి ఆయన వీపుకు అతుక్కుపోయాను. "జర జరుగే" అన్నాడు గాని, ఆ గొంతులో కోపం లేదు.

"మంచిగైంది" అన్నాను దిగుతూ. ఆయనకు అది చాలలేదు. ఇంకేదో మాట కోసం నా నోటి వంక చూస్తున్నాడని నాకు తెలిసింది, ఏ మాటో తెలియలేదు.

ఆ వారమే కొండలన్నకు లక్సెట్టిపేటలో పిల్లను చూడడానికి రమ్మని కబురు వచ్చింది. ఫట్‌ఫటి వచ్చిన రోజే మీ తాత, "నీ పిల్లసూపులకు నా బండి మీదనే పోవాలె బామ్మర్దీ" అని మాట ఇచ్చి ఉన్నాడు. కొండలన్న తెల్లని కొత్త అంగీ తొడుక్కుని, నెత్తికి నూనె రాసుకుని, నవ్వుతూ వచ్చాడు. ఆ వారమంతా బావి పనికి పోతూ వస్తూ చీకట్లోనే తినిపోయాడు, కోసిన బండిని ఆయన వెలుగులో చూడనే లేదు.

"బావా, బండి ఇస్తవా?"

"మాటిచ్చిన గద. తీస్కపో" అన్నాడు మీ తాత, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని.

కొండలన్న ఎక్కాడు. కప్ప కూర్చున్నట్టు మోకాళ్ళు రెండూ చెవుల దాకా లేచాయి. వీధి అంతా చూస్తున్నది. బండి కదిలింది. కొండలన్న హ్యాండిలు తిప్పబోతే పిడి మోకాలికి అడ్డుకుంది, మోకాలు తీస్తే చేతి బొటనవేలు నలిగింది. బండి ఎటూ తిరగక తిన్నగా శంకరవ్వ వాకిట్లోకి పోయి, బర్రె కుడితి గోలేన్ని గుద్దుకుని ఆగింది. కుడితి అంతా లేచి కొత్త అంగీ మీద పడింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అందరికన్నా గట్టిగా, గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వినవాడు మీ తాత.

కొండలన్న బండి దిగాడు. అంగీ మీది తవుడు దులుపుకోలేదు. బండి ముందుకు వచ్చి కోసిన రేకును తడిమాడు, తిప్పిన హ్యాండిలు చూశాడు. తర్వాత మీ తాత వంక చూశాడు.

"బావా, గిది నన్ను ఎక్కనియ్యద్దని జేసినవా?"

మీ తాత నవ్వు ఆగిపోయింది.

"వద్దంటె నోటితోని వద్దనరాదు? పిల్లసూపులకు పొయ్యేటోన్ని గిట్ల బజార్ల..." తడిసిన అంగీని ముందుకు పట్టి చూపించాడు. "ఒక్క మగ్గం గుంతల ఇద్దరం కాళ్ళు పెట్టి పెరిగినం. నేను నీకేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే" అన్నాడు మీ తాత. మెడ నరాలు లేచాయి. "చేసింది గామె! నీకు అందమున్నదట, నాకు లేదట. నా వాకిట్ల, నా బండి మీద నిన్ను కూసోబెట్టి, నా మొకం మీదనే అన్నది!"

బిడ్డా, నా చేతికి జొన్నపిండి ఉంది. అట్లాగే బయటికి ఉరికాను.

"నేనా? ఎప్పుడన్న?"

"గొలుసుకు నూనె పెడుతుంటె అన్లే? 'కొండలన్నకు అందమున్నది, నీకు...' అన్లే? నీకు లేదు అనకముందే బండి గర్జించింది గని, నా చెవికి అంతా ఇనబడ్డది!"

అప్పుడు వెలిగింది నాకు. ఆ పీట, ఆ బూట్లు, ఆ ఎర్ర కుచ్చులు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. "అందమున్నది అన్లేనయ్యా! అందుతున్నది అన్న. కాళ్ళు! కొండలన్నకు కాళ్ళు అందుతున్నయ్, నీకు సుత అందేటట్టు జర కిందికి జేస్కోరాదు అన్న!"

"ఇప్పుడు మాట మలుపుతున్నవ్."

"నా బిడ్డల మీద ఒట్టు!"

"బిడ్డలు ఇంకా పుట్టనే లేదు, ఒట్టట!"

నిజమే, అప్పటికి మీ నాన్న పుట్టలేదు. నా మాటకు సాక్ష్యం ఎవరున్నారు? కొండలన్న బండి మీద ఉన్నాడు, ఆయనకు సప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆయన తడిసిన అంగీతోనే వెనుదిరిగి రెండడుగులు వేశాడు కూడా. పోతే మళ్ళీ మా గడప తొక్కడని నాకు తెలుసు. నేను ఏడవడం మొదలుపెట్టాను.

అప్పుడు శంకరవ్వ, ఒలికిన కుడితి మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, గొంతెత్తింది.

"ఓ లక్ష్మీరాజం! బాలవ్వ చెప్పేది నిజమే. 'అందుతున్నది' అనే అన్నది. 'ముంగటికెల్లి జర కిందికి జేస్కోరాదయ్యా' అన్నది."

"నీకెట్ల ఎర్క?" అన్నాడు మీ తాత.

"మంచిగడుగుతవ్. మీ ఇంటికి ఫట్‌ఫటి ఒచ్చినకాన్నుంచి నా రెండు చెవులు మీ గోడకే ఉన్నయ్. మీరు ఏం తింటుండ్రు, ఏం అనుకుంటుండ్రు, నాకు తెల్వకుంటె నిద్ర వడ్తదా?" అని, కొంచెం ఆగి, "నా గోలెం పలిగితె మల్ల నువ్వే జేపియ్యాలె, చెప్తున్న" అంది.

అసూయతో ఏడ్చే చెవి కూడా ఒక్కోసారి దేవుడి చెవి అవుతుంది. ఆమె అసూయ వల్లే నా కాపురం నిలబడిందని నేను ఇప్పటికీ అంటాను.

మీ తాత తన బండి వంక చూశాడు. నేను ప్రేమతో చెయ్యమన్నదే ఆయన కోపంతో చేశాడు. చెయ్యాల్సినదాని కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ కోశాడు, అంతే తేడా. ఆయన పోయి కొండలన్న చెయ్యి పట్టుకున్నాడు. "కొండల్" అని ఒక్కటే అన్నాడు.

కొండలన్న ఆయన నెత్తి మీద నుంచి నా వైపు చూసి, "చెల్లె, గీ అంగి జర పిండియ్యి" అన్నాడు. మళ్ళీ మీ తాతతో, "బావా, నేనైతె నడపలేను. ఇప్పుడు గది నీ సైజు బండి. నువ్వే తోల్కపోవాలె" అన్నాడు.

నేను అంగీ పిండి ఇస్తే తడిదే తొడుక్కున్నాడు, దారిలో గాలికి ఆరుతుందని. మీ తాత ముందు, కొండలన్న వెనక. ఆ వాలు మీద కొండలన్న జారి జారి మీ తాత వీపు మీద పడుతుంటే, పొడుగాటి కాళ్ళు రెండు వైపులా నేల మీద గీరుకుంటుంటే, బండి మిడతలా కనిపించింది. వీధి అంతా మళ్ళీ నవ్వింది. ఈసారి వాళ్ళిద్దరూ నవ్వారు.

లక్సెట్టిపేటలో ఏమైందో తెలుసా? ఎర్ర కుచ్చుల బండి తోలుకుంటూ వచ్చినవాడే పెళ్ళికొడుకని పిల్ల తరఫువాళ్ళు మీ తాతకే కాళ్ళకు నీళ్ళిచ్చి, పెద్దపీట వేశారట. మీ తాత అబ్బే అనడానికి కొంచెం ఆలస్యం చేశాడని కొండలన్న చచ్చేదాకా చెప్పుకుని నవ్వేవాడు. ఆ పిల్లే గంగుబాయి, నీకు ఎరుకే కదా, నీ చిన్నప్పుడు చేగోడీలు తెచ్చేది. వర్కుషాపులో కొత్త స్ప్రింగులు చేసి వేసుకున్నది ఆ పెళ్ళి తర్వాతే. అప్పుడు కూడా రెండు వేళ్ళు దించే వేశాడు.

వాళ్ళు చూసివచ్చిన రోజు పొద్దు గూకేముందు నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మీ తాత ఒక్కడే వీధి మలుపు తిరిగాడు, కొండలన్నను ఆయన గది దగ్గర దించి. మొహమంతా దుమ్ము, జుట్టు వెనక్కి పోయింది, ఎర్ర కుచ్చులు ఎగురుతున్నాయి. వాకిట్లోకి వచ్చి, ఏ రాయీ వెతుక్కోకుండా, నట్టనడుమ ఆపి రెండు కాళ్ళూ మోపాడు. బండి ఇంకా ఫట్‌ఫట్‌మంటూనే ఉంది. నాకు లోపల నుంచి ఏదో పొంగింది. సిగ్గు విడిచి, ఆయన వినాలని ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట అనేశాను:

"నీకు అందమున్నదయ్యా!"

ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత వంగి, తన రెండు పాదాలనూ సంతోషంగా చూసుకున్నాడు.

"ఔనే! రెండు సుత మంచిగ అందుతున్నయ్!"

నేను మళ్ళీ చెప్పలేదు బిడ్డా. నవ్వుతూ లోపలికి పోయాను. చాయ్ పెట్టాలి కదా.

నువ్వు మాత్రం మరిచిపోకు. నీ పిల్లలకు చెప్పు, వాళ్ళ పిల్లలకు చెప్పమను. చెప్పేటప్పుడు వాళ్ళను ఇట్లాగే దగ్గరికి జరుపుకో. అందుతున్నది ఒకటి, అందమున్నది ఒకటి, ఆ రెండు మాటలూ నిదానంగా, విడివిడిగా పలుకు. సప్పుడులో పలకకు.